ఇంట్లో కట్టిన స్పోర్ట్స్ కారుకు ఎగ్జాస్ట్ కుదరడం లేదా? మొదటి నుంచి సరిచేసే పద్ధతి

చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్ మీద నాలుగో చుట్టులో ఉండగా నా కారు పక్కన ‘ఠంగ్’మని ఒక దెబ్బ వినిపించింది. ఆ వెంటనే ఇనుము నేలను గీకుతున్న శబ్దం. పిట్స్‌లోకి, అంటే ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి, తెచ్చి చూస్తే, సైలెన్సర్‌ను వెనుక మోసే రబ్బరు బుష్ రెండుగా తెగిపోయి ఉంది. అలా తెగినవాటిలో అది మూడోది. మొదటి రెండింటినీ మార్చినప్పుడు నేనూ, పని చేసిన వర్క్‌షాపువారూ రబ్బరు నాసిరకమనే అనుకున్నాం. తప్పు రబ్బరుది కాదు. ముందున్న ఫ్లాంజి (పైపు చివర ఉండి బోల్టులతో అతికే చదును పలక) రెండు మిల్లీమీటర్లు వంకరగా ఉంటే, దాన్ని బోల్టులతో లాగి మూసేశాం. వంద మిల్లీమీటర్ల వెడల్పున్న ఫ్లాంజి దగ్గర రెండు మి.మీ. తేడా అంటే, 1.4 మీటర్ల అవతల ఉన్న పైపు చివర 28 మి.మీ. తేడా. ఆ 28 మిల్లీమీటర్లను రబ్బరు బుష్ రాత్రింబవళ్లు లాగి పట్టుకుని ఉంది.

ఈ వ్యాసం ఆ తప్పు మరొకరు చేయకుండా ఉండేందుకు రాస్తున్నాను. ఎగ్జాస్ట్‌ను, అంటే ఇంజిన్ పొగను బయటికి పంపే పైపుల వరుసను, బోల్టులతో లాగి సరిచేయకూడదు. ఒక్క బోల్టు బిగించక ముందే అది తన చోట తానుగా కూర్చోవాలి. మిగతా పనులన్నీ దీన్ని సాధించడానికే.

ఏ రకం కారు గురించి చెబుతున్నాను

1957లో కాలిన్ చాప్‌మన్ తెచ్చిన లోటస్ సెవెన్ తరహా కార్లు ఇవి. 1973లో ఆ కారు తయారీ హక్కులు కేటర్‌హామ్ చేతికి వచ్చాయి. ఆ ఆకారాన్ని చూసి ప్రపంచమంతటా ఎందరో ఇళ్లలో కట్టుకున్నారు. చదరపు ఇనుప గొట్టాల చట్రం, పైన అల్యూమినియం రేకు, ముందు ఇంజిన్, వెనుక చక్రాలకు శక్తి. నాది ఆ కొలతల్లోనే కట్టింది. మారుతి జిప్సీ 1298 సి.సి. ఇంజిన్‌ను కారు పొడవు వెంట అమర్చాను. నాలుగు పైపులు పక్క రేకులోని రంధ్రం గుండా బయటికి వచ్చి, ఒకటిగా కలిసి, డ్రైవరు మోచేతి కింద నుంచి వెనుక చక్రం దాకా సైలెన్సర్‌గా సాగుతాయి.

కంపెనీ కారులో ఎగ్జాస్ట్ నేల కింద, దానికోసమే వదిలిన సొరంగంలో పోతుంది. మన కారులో అలాంటి ఏర్పాటు లేదు. ఇంజిన్ ఒక కారుది, మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి పొగను పైపుల్లోకి తెచ్చే మొదటి భాగం) మనం చేయించింది, చట్రం మరొకరి కొలతలది. ఈ మూడూ ఒకచోట కలిసేటప్పుడు పొరపాట్లన్నీ చివరికి ఎగ్జాస్ట్ దగ్గరే తేలతాయి. ఇంకొక మాట: రిజిస్ట్రేషన్ లేని సొంత నిర్మాణాన్ని పబ్లిక్ రోడ్డు మీద నడపడానికి చట్టం ఒప్పుకోదు. నా కారు ట్రాక్‌కు ట్రెయిలర్ మీదే వెళుతుంది.

ముందు చప్పుడును వినండి

పానా పట్టుకునే ముందు ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: చప్పుడు ఎప్పుడు వస్తుంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకనా, తెగేది లేక పగిలేది ప్రతిసారీ ఒకే చోటా.

ఇంజిన్ నిలకడగా తిరుగుతున్నప్పుడు మాత్రమే గడగడమని, వేగం పెంచగానే ఆగిపోతే, పైపు ఎక్కడో రేకుకు దాదాపు ఆనుకుని ఉందని అర్థం. యాక్సిలరేటర్ నొక్కినప్పుడో వదిలినప్పుడో ఒక్క దెబ్బ వినిపిస్తే ఇంజిన్ ఊగి పైపును చట్రానికి కొడుతోంది. చల్లగా ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి పది నిమిషాల తర్వాత మొదలైతే అది వేడికి పైపు సాగడం వల్ల వచ్చిన తాకిడి. దీనికి తలకిందులుగా, స్టార్ట్ చేయగానే టిక్ టిక్ మంటూ, వేడెక్కాక తగ్గితే మానిఫోల్డ్ గాస్కెట్ (అతుకు మధ్య పొగ పోకుండా పెట్టే పలుచని పొర) దగ్గర లీకు గాని, సన్నని పగులు గాని ఉంటుంది. లోహం వ్యాకోచించి ఆ సందును మూస్తోంది. మానిఫోల్డ్ ఒకే వెల్డు దగ్గర పదే పదే పగులుతోందా? సైలెన్సర్ బరువును అదే మోస్తోందన్నమాట. ఆ పగులును మళ్లీ వెల్డు చేయించడం డబ్బు దండగ. బరువును అక్కడి నుంచి తప్పించాలి.

రేకు మీద మెరిసే రాపిడి గుర్తుల కోసం టార్చి వేసి వెతకండి. రాపిడి గుర్తు ఏ వైపు ఉందో చూస్తే పైపు ఏ వైపుకు కదులుతోందో తెలిసిపోతుంది.

ఇంజిన్ సరైన చోట ఉందా?

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. నేనూ దాటేశాను. ఎగ్జాస్ట్‌కు ఆధారం ఇంజిన్. ఇంజిన్‌కు ఆధారం దాని రబ్బరు మౌంట్లు. ఒక మౌంటు కుంగి ఇంజిన్ ఒక పక్కకు ఒరిగి ఉంటే, ఆ ఒరిగిన ఇంజిన్‌కు తగినట్లు మీరు ఎంత చక్కగా పైపు కుదిర్చినా, మౌంటు మార్చిన రోజున పనంతా మళ్లీ మొదటికి వస్తుంది.

కొలిచే తీరు ఇది. కారును నాలుగు స్టాండ్ల మీద నిలపండి. ఒక్క జాకీని నమ్మి కింద దూరవద్దు. ఇంజిన్ బ్లాకు మీద రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండే చోటు ఎంచుకుని, అక్కడి నుంచి చట్రపు గొట్టానికి దూరం కొలవండి. రసమట్టం కంటే ఇదే నమ్మకం. మా ఇంటి ముందు నేల వాననీరు పోవడానికి వాలుగా వేసింది, దాని మీద రసమట్టం చూపేది నేల వాలునే గాని కారు మట్టాన్ని కాదు. రెండు వైపులకూ తేడా మూడు నాలుగు మి.మీ. దాటితే ముందు మౌంట్లు చూడండి. రబ్బరు లోహం నుంచి విడిపోయిందా, నూనె తగిలి ఉబ్బిందా? ఉంటే జత మొత్తం మార్చండి. ఒకటి కొత్తది, ఒకటి పాతది వేస్తే ఇంజిన్ మళ్లీ ఒరుగుతుంది.

వెనుక నుంచి ముందుకు విప్పండి

ఈ పరీక్షకు ఖర్చు లేదు, అయినా నాకు అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది ఇదే. ఎగ్జాస్ట్ పూర్తిగా చల్లారాక, విప్పబోయే ప్రతి అతుకు దగ్గరా రెండు వైపులా కాగితపు టేపు అంటించి, రెండింటి మీదుగా ఒకే గీత గీయండి. సైలెన్సర్ కింద చెక్క దిమ్మె పెట్టండి, కాని దాన్ని పైకి ఎత్తవద్దు.

ఇప్పుడు వెనుక బుష్ బోల్టు తీయండి. బోల్టు బయటికి వచ్చిన క్షణంలో పైపు ఏ దిక్కుకు, ఎంత దూకిందో చూడండి. గీతల మధ్య దూరమే మీ తప్పు కొలత. కాగితం మీద, ఉదాహరణకు, ‘వెనుక: బయటికి 9, కిందికి 4’ అని రాసుకోండి. తర్వాత మధ్య క్లాంపు, ఆ తర్వాత కలెక్టర్ (నాలుగు పైపులు ఒకటయ్యే చోటు) అతుకు, చివరికి మానిఫోల్డ్. ప్రతి చోటా ఇంతే. నాకు మా బావమరిది సాయం పట్టాడు. ఒకరు బోల్టు తీస్తూ మరొకరు పైపును చూస్తేనే ఆ దూకుడు కంటపడుతుంది.

వెనుక బోల్టు తీసినా పైపు రెండు మి.మీ.కు మించి కదలకపోతే, బోల్టును వేళ్లతోనే తిరిగి ఎక్కించగలిగితే, మీ అమరిక బాగుంది. సమస్య వేరే చోట వెతకండి. వెనుక పెద్దగా దూకి, ముందు ఫ్లాంజి విప్పాక అక్కడ ఒక పక్కే సందు కనిపిస్తే, తప్పు మొదలైనది ముందు ఫ్లాంజి దగ్గరే. వెనుక బ్రాకెట్‌ను కోసి వంచి సరిపెట్టాలన్న కోరిక కలుగుతుంది. ఆగండి. ముందు తప్పును వెనుక సరిచేస్తే రెండు తప్పులవుతాయి.

ఎంత సందు కావాలి: రెండు లెక్కలు

మొదటిది పొడవు. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలు ఒక్కో డిగ్రీ సెల్సియస్ వేడికి మీటరుకు సుమారు 0.017 మి.మీ. సాగుతుంది, మామూలు ఇనుము 0.012 మి.మీ. దాకా. మానిఫోల్డ్ ఫ్లాంజి నుంచి వెనుక బుష్ వరకు 1.4 మీటర్లుండి, పైపు వేడి సగటున 400 డిగ్రీలు పెరిగితే, స్టెయిన్‌లెస్ పైపు తొమ్మిదిన్నర మి.మీ., ఇనుప పైపు ఆరున్నర మి.మీ. పైన పొడవు పెరుగుతుంది. ఇనుప పైపు తీసి స్టెయిన్‌లెస్ వేయించినవారికి పాత బ్రాకెట్టే ఉన్నా కొత్తగా బుష్‌లు తెగడం మొదలవడానికి కారణం ఇదే.

రెండోది ఊపు. కారు పొడవు వెంట అమర్చిన ఇంజిన్ యాక్సిలరేటర్ నొక్కినప్పుడు పక్కకు ఒరుగుతుంది. ఒక్క డిగ్రీ ఒరిగితే చాలు, క్రాంక్‌షాఫ్ట్ నడిమి నుంచి 400 మి.మీ. దూరంలో, అంటే పక్క రేకు రంధ్రం దగ్గర, పైపు ఏడు మి.మీ. పైకో కిందికో కదులుతుంది. 600 మి.మీ. దూరంలో ఉన్న సైలెన్సర్ దగ్గర అది పది మి.మీ. దాటుతుంది.

అందుకే నేను పెట్టుకున్న హద్దులు ఇవి: రేకు రంధ్రం అంచు నుంచి పైపుకు పైనా కిందా కనీసం 15 మి.మీ., ముందూ వెనుకా 10 మి.మీ. పెట్రోలు గొట్టానికి ఎగ్జాస్ట్ 35 మి.మీ. లోపల ఉండకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతాయి. నేను 75 కంటే దగ్గరికి రానివ్వను, మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం కూడా పెడతాను. ఆ అడ్డానికీ గొట్టానికీ మధ్య పది మి.మీ. గాలి ఉండాలి, అతికించినట్లు పెడితే వేడి నేరుగా దాటిపోతుంది. బ్రేకు గొట్టాలకూ, ఫైబర్ గ్లాసు మడ్‌గార్డుకూ ఇదే జాగ్రత్త.

సందు నిజంగా ఎంత మిగులుతోందో చూడటానికి వంటింట్లో చపాతీ పిండి ముద్ద అడగండి. రంధ్రం అంచుకు నాలుగు వైపులా నిమ్మకాయంత ముద్దలు పైపుకు తాకీ తాకనట్లు అతికించండి. చల్లని ఇంజిన్‌ను స్టార్ట్ చేసి, నాలుగైదు సార్లు యాక్సిలరేటర్ నొక్కి వదిలి, వెంటనే ఆపండి. నొక్కుకుపోయిన ముద్ద మందం కొలిస్తే అదే ఆ చోట మిగిలిన అసలు సందు. కొలత టేపు దూరని మూలల్లో కూడా ఇది పనిచేస్తుంది.

ఫ్లాంజి నుంచి మొదలుపెట్టి సరిచేయడం

మానిఫోల్డ్‌ను విప్పి, పాత గాస్కెట్ అంతా గీకి తీసి, ఫ్లాంజి ముఖం మీద తిన్నని స్టీలు స్కేలు పెట్టి కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచని రేకుల కట్ట) దూర్చండి. 0.1 మి.మీ. రేకు ఎక్కడైనా దూరితే ముఖాన్ని మిల్లింగ్ యంత్రం మీద చదును చేయించాలి. రెండు గాస్కెట్లు వేసి మూయడం నాలుగు రోజుల ముచ్చట. వెల్డింగ్ వేడికి పలుచని ఫ్లాంజి అరటి ఆకులా వంగుతుంది. కొత్తది చేయిస్తే 10 మి.మీ. మందం పలక కోసి ఇవ్వమని చెప్పండి.

చదునైన మానిఫోల్డ్‌ను కొత్త గాస్కెట్‌తో ఇంజిన్‌కు బిగించాక, దాని తర్వాతి భాగాలన్నీ వదులుగా, చెక్క చీలికల మీద, అవి ఉండవలసిన చోట నిలపండి. చట్రపు కింది గొట్టం వెంట దారం లాగి కట్టి, సైలెన్సర్‌ను దానికి సమాంతరంగా చూసుకోండి. ఈ స్థితిలో రెండు పైపుల ముఖాలు ఒకదానికొకటి ఎదురుగా, సమంగా నిలిచాయా? నిలవకపోతే కోయాల్సింది అక్కడే. మానిఫోల్డ్‌కు దగ్గరగా, వంపు లేకుండా తిన్నగా ఉన్న భాగంలో పైపును కోసి, అవసరమైతే చిన్న ముక్క కలిపి, కోణం మార్చండి.

అంబత్తూరు పారిశ్రామిక వాడలో నాకు పని చేసిపెట్టే వెల్డరుది నెల్లూరు జిల్లా. నా పాత పైపును చేత్తో తిప్పి చూసి, “సార్, బోల్టు పని పట్టుకోవడం. లాగడం దాని పని కాదు” అన్నాడు. అతని పద్ధతే నేను పాటిస్తున్నాను. పైపు కారు మీద ఉండగా చుక్క వెల్డులు మాత్రమే వేయాలి: ఒకటి పైన, దానికి ఎదురుగా కింద ఒకటి, తర్వాత రెండు పక్కలా. వెల్డు చల్లారుతూ లోహాన్ని తన వైపు లాగుతుంది గనుక ఒకే పక్క రెండు చుక్కలు వేస్తే కుదిర్చిన కోణం పోతుంది. నాలుగు చుక్కలూ పడ్డాక చీలికలు తీసి, మళ్లీ కొలిచి, అప్పుడు పైపును విప్పి బల్ల మీద పూర్తి వెల్డు వేయించాలి. స్టెయిన్‌లెస్‌కు టిగ్ వెల్డింగ్ (ఆర్గాన్ వాయువు కాపుతో చేసేది), పైపు లోపల కూడా ఆర్గాన్ నింపి చేస్తే లోపలి అంచు మాడదు. స్టెయిన్‌లెస్‌ను మామూలు ఇనుముతో కలపాలంటే 309 రకం కడ్డీ అడగండి.

కారు మీద వెల్డింగ్ అంటే కొన్ని జాగ్రత్తలు తప్పవు. బ్యాటరీ నెగెటివ్ తీగ, ఇంజిన్ కంప్యూటర్ ప్లగ్గు, ఆక్సిజన్ సెన్సర్ (పొగలోని ఆక్సిజన్‌ను కొలిచేది) తీసేయండి. ఎర్త్ క్లాంపు వెల్డు పడే పైపుకే తగిలించండి. పెట్రోలు గొట్టాల మీద తడి గోనెసంచి కప్పి, మంటలార్పే సిలిండరు చేతికందేలా ఉంచుకోండి. జింకు పూత ఉన్న పైపును వెల్డు చేయవద్దు. ఆ పొగ జ్వరం తెప్పిస్తుంది. క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచిన లోహం మీద వెల్డింగ్ అసలే వద్దు. ఆ వేడికి ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టవచ్చు. శుభ్రం చేయడానికి అసిటోన్ వాడి, పూర్తిగా ఆరనివ్వండి.

ఊపును మింగే అతుకు

ఇంజిన్ ఊగుతుంది, చట్రం ఊగదు. ఈ రెంటి మధ్య ఎక్కడో ఒకచోట కదలిక ఉండాలి. జాలీ అల్లిన బెలోస్ ముక్క (మడతలుండి వంగే గొట్టం) వేయవచ్చు. అయితే అది వంగడానికి చేసినదే తప్ప మెలి తిరగడానికి కాదు, బరువు మోయడానికీ కాదు. పక్కకు సాగే ఎగ్జాస్ట్‌లో ఇంజిన్ ఒరిగిన ప్రతిసారీ దాని మీద మెలిక పడుతుంది. వంకరను దాచడానికి బెలోస్ వేస్తే అది కొన్ని వారాల్లో చిరిగిపోతుంది.

నా కారుకు జారుడు అతుకు, స్ప్రింగులు వేయించాను. ఇంజిన్ వైపు పైపు లోపలికి, సైలెన్సర్ వైపు పైపు దాని మీదికి, 40 మి.మీ. దాకా ఒకదానిలో ఒకటి. రెంటి మధ్య చుట్టూ పావు మిల్లీమీటరు ఖాళీ ఉంటే చేత్తో తిప్పితే తిరుగుతుంది, జారుతుంది. ఎదురెదురుగా రెండు స్ప్రింగులు దాన్ని ఊడకుండా పట్టుకుంటాయి. పొడవు పెరగడాన్నీ, మెలికనూ రెంటినీ ఇది తట్టుకుంటుంది. కొద్దిగా గాలి లీకవుతుంది గనుక ఆక్సిజన్ సెన్సర్ ఈ అతుకుకు ముందే, కలెక్టర్ మీద ఉండాలి. అతుకు తర్వాత పెడితే బయటి గాలిని చూసి ఇంజిన్‌కు పెట్రోలు తక్కువైందని అది తప్పుగా చెబుతుంది. కదలని అతుకులకు వెడల్పాటి బ్యాండ్ క్లాంపులు వాడండి; యు ఆకారపు క్లాంపు పైపును నొక్కేసి, తర్వాత విప్పడానికి రాకుండా చేస్తుంది.

వెనుక బుష్, బ్రాకెట్

సైలెన్సర్‌ను ఒక గుండ్రని కడ్డీ మీద అడ్డంగా పెట్టి, త్రాసులా నిలిచే చోటు గుర్తించండి. మోసే బ్రాకెట్ దానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. జారుడు అతుకు బరువు మోయదు కాబట్టి దాని వెనుక సైలెన్సర్ ముందు భాగానికి కూడా ఒక ఆధారం ఇవ్వాలి. వెనుక రెండు బుష్‌లు, ముందు ఒకటి నాకు సరిపోయాయి.

స్తంభంలాంటి రబ్బరు బుష్ నొక్కుడును బాగా తట్టుకుంటుంది, అడ్డు కోతను ఓ మాదిరిగా, లాగుడును ఏమాత్రం తట్టుకోదు. సైలెన్సర్ దాని నుంచి వేలాడేలా పెట్టకండి. దాని మీద కూర్చునేలా గాని, అడ్డంగా ఆనేలా గాని పెట్టండి. చల్లగా ఉన్నప్పుడు బుష్ నాలుగైదు మి.మీ. ముందుకు వాలి ఉండేలా బ్రాకెట్‌కు రంధ్రం వేస్తే, జారుడు అతుకు లేని కారులో కూడా, వేడెక్కి పైపు సాగినప్పుడు అది నిటారు స్థితిని దాటి అంతే దూరం వెనక్కు వాలుతుంది. రబ్బరు రెండు దిక్కులకూ సగం సగం శ్రమ పడుతుంది.

సహజ రబ్బరు 70 డిగ్రీలు దాటిన చోట ఎక్కువ కాలం నిలవదు. ఇ.పి.డి.ఎం. రబ్బరు 120 దాకా, సిలికాన్ 200 దాకా ఓర్చుకుంటాయి. చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు దుకాణాల్లో కొనేటప్పుడు రకం అడిగి తీసుకోండి. పుదుపేటలో పాత బ్రాకెట్లు, క్లాంపులు చవకగా దొరుకుతాయి. పాత రబ్బరు మాత్రం కొనకండి. వంచి చూస్తే సన్నని పగుళ్లు తెరుచుకుంటాయి.

బ్రాకెట్ 3 మి.మీ. పలకతో, మూలకు త్రికోణపు ఆసరాతో, చట్రపు గొట్టానికే బిగించాలి. అల్యూమినియం రేకుకు బిగిస్తే రేకు డప్పులా మోగి, ఆ రంధ్రం దగ్గరే చిరుగుతుంది. సైలెన్సర్ చుట్టూ వదులుగా ఒక ఉక్కు తీగ కట్టి చట్రానికి తగిలించండి. బుష్ తెగినా సైలెన్సర్ వెనుక వచ్చే కారు ముందు పడదు.

బిగించే క్రమం

అన్నీ వేళ్లతో ఎక్కించి, ముందు నుంచి వెనక్కు రండి. మానిఫోల్డ్ నట్లు మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో. ఎం8 (8 మి.మీ.) స్టడ్లకు 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు చాలు. తర్వాత కలెక్టర్, క్లాంపులు, అన్నిటికన్నా చివర వెనుక బుష్. ప్రతి బిగింపు తర్వాత రేకు రంధ్రం సందు ఒకసారి కొలవండి. ఎక్కడైనా కొలత మారితే ఆ అతుకు లాగుతోంది. విప్పి మళ్లీ చూడండి.

పరీక్ష

లీకుల కోసం, ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే, బ్లోయర్ గొట్టాన్ని సైలెన్సర్ చివర గుడ్డతో చుట్టి గాలి ఊదుతూ అతుకుల మీద సబ్బు నురుగు రాయండి. కుంకుడు రసం నురుగు కూడా బాగానే పనిచేసింది. జారుడు అతుకు దగ్గర చిన్న బుడగలు సహజం, మానిఫోల్డ్ దగ్గర ఒక్కటి కూడా రాకూడదు.

తర్వాత ఆరుబయట పదిహేను నిమిషాలు ఇంజిన్ తిప్పి, పూర్తిగా చల్లారనిచ్చి, మానిఫోల్డ్ నట్లు మళ్లీ అదే బలానికి బిగించండి. కొత్త గాస్కెట్ మొదటి వేడికి కొంత అణుగుతుంది. అప్పుడు ప్రతి నట్టు మీదుగా తెల్ల రంగుతో ఒక గీత గీస్తే, తర్వాత కదిలినది ఒక్క చూపులో దొరుకుతుంది. ట్రాక్ మీద మొదటి మూడు చుట్లు నెమ్మదిగా నడిపి, పిట్స్‌లోకి వచ్చి, గీతలూ, రంధ్రపు అంచూ, బుష్ వాలూ చూడండి. వేడి మీద బుష్ వెనక్కు ఎంత వాలిందో ఆ క్షణంలోనే కొలవాలి. చెన్నై ఎండలో కూడా పైపు మీరనుకున్నదానికన్నా త్వరగా చల్లారి ముడుచుకుంటుంది. నా కారులో ఆ వాలు మొదటి రోజు నాలుగు మి.మీ. వచ్చింది. అదే బుష్‌తో ఆ తర్వాత ఆరు ట్రాక్ రోజులు గడిచాయి, తెల్లగీతలు ఒక్కటీ జరగలేదు.